సదస్సుకు వచ్చినవారిని చేర్చుకొందాము



సంక్రాంతి వెళ్ళి, పంటలు ఇంటికి చేరి, ఎండలు ఇంకా ముదరని రోజులు మన ప్రాంతములలో సభలకు, సదస్సులకు అనువైన కాలము. కాపరుల సదస్సు, బడిపంతుళ్ళ సమావేశము, నర్సుల మహాసభ, సండేస్కూలు ఉపాధ్యాయుల శిక్షణ, ఇలా ఏదో ఒకటి ఏదో ఒక మిషను కాంపౌండులో జరుగుతూనే ఉంటుంది. ఆతిథ్యమిచ్చే సంఘము నెల రోజుల ముందే కమిటీలు వేసుకొంటుంది. షామియానా ఒకరికి, వంట ఒకరికి, మైకు ఒకరికి, వేదిక అలంకరణ ఒకరికి అప్పగిస్తుంది. ఇవన్నీ అవసరమే. అయితే రాత్రంతా ప్రయాణము చేసి, సంచి భుజాన వేసుకొని, గేటు దగ్గర నిలబడి అటూ ఇటూ చూసే మనిషిని ఎవరు పలకరించాలి? ఈ పని మాత్రము ఏ కమిటీ జాబితాలోను తరచుగా కనబడదు.

స్వాగతము అనగానే మనకు వేదిక గుర్తుకు వస్తుంది. పూలదండలు, శాలువాలు, స్వాగతోపన్యాసము గుర్తుకు వస్తాయి. కాని అసలైన స్వాగతము గేటు దగ్గరే జరుగుతుంది. అక్కడ జరగకపోతే వేదిక మీద ఎన్ని దండలు వేసినా అది వేదిక మీద ఉన్నవారికే చెందుతుంది.

మాట్లాడకుండా తిరిగి వెళ్ళినవారు

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక పట్టణములో జరిగిన కాపరుల సదస్సుకు మేము వెళ్ళాము. పేర్లు వ్రాసే బల్ల దగ్గర మాకు ముందు ఒక పెద్ద వయస్సు కాపరి నిలబడి ఉన్నారు. చేతిలో రెక్సిన్ సంచి, కాళ్ళకు దుమ్ము. "మీ పేరు లిస్టులో లేదండి, కొంచెం పక్కన నిలబడండి" అని బల్ల దగ్గరి యువకుడు అన్నాడు. ఆ కుర్రవాడిలో దురుసుతనము ఏమీ లేదు, పని ఒత్తిడిలో అన్న మాట అది. అయ్యగారు పక్కన నిలబడ్డారు. ఆయనను మరల ఎవరూ పిలవలేదు. చాలాసేపటికి ఎవరో పెద్దవారు గుర్తుపట్టి లోపలికి తీసుకొని వెళ్ళారు.

మూడు రోజులు ఆయన చివరి వరుసలోనే కూర్చున్నారు. చర్చలలో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. తిరుగు ప్రయాణములో బస్సులో ఆయన పక్కన మాకు సీటు దొరికినది. అప్పుడు తెలిసినది, అక్షరము రాని కూలివారి సంఘములో రాత్రిళ్ళు కూర్చోబెట్టి పెద్దలకు చదువు నేర్పిన అనుభవము ఆయనకు ఉన్నదని. ఆ సదస్సులో ఒక పూటంతా మాట్లాడుకొన్న విషయము అదే. కాగితములు చూసి మాట్లాడినవారు మాట్లాడారు, చేసి చూసిన మనిషి మౌనముగా కూర్చున్నాడు. "మనల్ని ఎవరు అడుగుతారు లెండి" అని ఆయన నవ్వేశారు.

నష్టము ఎవరికి? ఆయనకు కొంత, సదస్సుకు ఎక్కువ. పరాయివానిగా భావించుకొన్న మనిషి తన మనస్సులోనిది బయట పెట్టడు. ఏజెన్సీ గ్రామములో ఒంటరిగా పనిచేసే నర్సమ్మ గాని, ఒక్క గదిలో ఐదు తరగతులు నడిపే పంతులుగారు గాని సదస్సుకు వచ్చేటప్పుడు తమతో ఒక కష్టమునో, ఒక ఉపాయమునో తెస్తారు. దానిని ఇక్కడ దింపుకొని వెళ్ళాలా, మోసుకొని తిరిగి వెళ్ళాలా అన్నది చాలాసార్లు మొదటి అరగంటలోనే తేలిపోతుంది.

ముందు చేర్చుకొన్నారు, తరువాత విన్నారు

అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయములో యెరూషలేములో జరిగిన ఆలోచన సభను మనమందరము ఎరుగుదుము. పండితులు దానిని క్రీ.శ. 49 ప్రాంతమునకు చెందినదిగా లెక్కిస్తారు. అన్యులలో నుండి వచ్చిన విశ్వాసులకు సున్నతి అవసరమా అన్నది ప్రశ్న. అది చిన్న వివాదము కాదు. అంతియొకయ నుండి పౌలు, బర్నబా, మరికొందరు సుమారు 500 కిలోమీటర్లు ప్రయాణము చేసి వచ్చారు. వారి అభిప్రాయమును గట్టిగా వ్యతిరేకించేవారు యెరూషలేము సంఘములోనే ఉన్నారు.

ఇక్కడ లూకా వ్రాసిన వరుసను గమనించండి. సంఘము, అపొస్తలులు, పెద్దలు వారిని చేర్చుకొన్నారని మొదట వ్రాశాడు. దేవుడు తమ ద్వారా చేసిన వాటిని వారు వివరించిన సంగతి, ఆ తరువాత లేచిన అభ్యంతరము, దాని పిమ్మట జరిగిన చర్చ, అన్నీ దాని తరువాతనే వస్తాయి. మీరు ఏ పక్షము వారని గుమ్మము దగ్గర ఎవరూ అడగలేదు. చర్చ వేడెక్కినప్పటికీ, పౌలు బర్నబాలు మాట్లాడుతుండగా సభ అంతయు ఊరకుండి ఆలకించినది. చేర్చుకొనబడిన వారు మాట్లాడగలిగారు, చేర్చుకొన్న వారు వినగలిగారు.

అదే పౌలును గూర్చి 28వ అధ్యాయములో మరియొక చిన్న సంగతి ఉన్నది. ఈసారి ఆయన సభకు పిలువబడిన అతిథి కాడు, రోమాకు తీసుకొని పోబడుచున్న ఖైదీ. అయినను ఆయన వస్తున్నాడని విని రోమా సహోదరులు అప్పీయా సంతపేట వరకును, త్రిసత్రముల వరకును ఎదురు వచ్చారు. అప్పీయా సంతపేట రోమాకు సుమారు 65 కిలోమీటర్ల దూరము. తుఫానులో ఓడ బద్దలైనప్పుడు ఇతరులకు ధైర్యము చెప్పిన పౌలు, ఆ సహోదరులను చూసి తానే ధైర్యము తెచ్చుకొన్నాడట. అంతటి వానికే ఎదురు వచ్చిన మనుష్యుల ముఖములు అవసరమైనప్పుడు, మొదటిసారి పట్టణమునకు వచ్చిన మన గ్రామ సువార్తికునికి అవసరము కాదా?

ఎడిన్‌బరోలో ఒక అతిథి

మన తెలుగు సంఘముల చరిత్రతో ముడిపడిన ఒక సంఘటనను ఇక్కడ జ్ఞాపకము చేసుకొనుట మంచిది. 1910వ సంవత్సరము జూన్ నెలలో స్కాట్లాండు దేశములోని ఎడిన్‌బరో నగరములో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగినది. సుమారు 1,200 మంది ప్రతినిధులు వచ్చారు. వారిలో ఆసియా దేశముల క్రైస్తవులు ఇరవై మందికి మించలేదు. ఆ కొద్దిమందిలో ఒకరు వి.ఎస్. అజరయ్యగారు. అప్పటికి ఆయన వయస్సు 35 సంవత్సరములు. తిరునెల్వేలి ప్రాంతములో పుట్టిన తమిళుడు. 1909 నుండి దోర్నకల్‌లో తెలుగువారి మధ్య సేవ చేయుచున్నారు. 1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషేకింపబడి, ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్పు అయినారు.

మిషనరీలకును స్వదేశీ సేవకులకును మధ్య సంబంధము ఎట్లుండవలెనన్నది ఎడిన్‌బరోలో ఆయన ప్రసంగాంశము. ఆయన మిషనరీల త్యాగమును కాదనలేదు, తమ ప్రజలు దానిని ఎన్నడును మరచిపోరని చెప్పారు. కాని పై అధికారికి, కింది ఉద్యోగికి మధ్య ఉండే సంబంధము చాలదన్నారు. ఒకే ఊరిలో ఏళ్ళ తరబడి కలిసి పనిచేసినా ఒకరి ఇంట ఒకరు స్నేహితులవలె కూర్చొనలేని స్థితిని ఎత్తి చూపారు. ధనము ఇచ్చారు, ప్రాణములు కూడ ఇచ్చారు, ఇక మాకు స్నేహితులను ఇవ్వండి అన్నది ఆయన విన్నపపు సారాంశము. ఆ మాటలు సభలో కొందరికి కటువుగా తోచాయి. అయినను ఆ మహాసభలో పలికిన మాటలలో నేటికిని ఎక్కువగా జ్ఞాపకమున్నది ఆయన ప్రసంగమే.

అజరయ్యగారు అడిగినది గౌరవ మర్యాదలను కాదు. ఆహ్వానించుట వేరు, చేర్చుకొనుట వేరు అని ఆయన తేటపరచారు. ఆహ్వానము కాగితము మీద అచ్చవుతుంది. చేర్చుకొనుట మనుష్యుల మధ్య జరగవలెను. నాడు ఈ మాట పడమటి దేశముల వారికి చెప్పబడినది. నేడు మన సదస్సులలో అతిథులము, ఆతిథ్యమిచ్చేవారము మనమే గనుక అది మనకే చెందుతుంది.

తరువాత 1938 డిసెంబరు 12 నుండి 29 వరకు అటువంటి ప్రపంచ మహాసభ మద్రాసు దగ్గర తాంబరంలోని క్రైస్తవ కళాశాల ఆవరణలో జరిగినది. చైనాలోని హాంగ్‌చౌలో జరగవలసిన సభ అది, యుద్ధము వలన మన దేశమునకు మారినది. సుమారు 470 మంది వచ్చారు. ఒకరితో ఒకరు యుద్ధములో ఉన్న చైనా, జపాను దేశముల నుండి కూడ ప్రతినిధులు వచ్చి ఒకే చోట ఉన్నారు. ఆ సంవత్సరము క్రిస్మస్ పండుగ వారందరికీ స్వంత ఇంటికి దూరముగా తాంబరంలోనే గడిచినది. అట్టి అతిథులకు బస అంటే నాలుగు గోడలు, ఒక మంచము మాత్రమే కాదు గదా.

ఉత్తరముతోనే మొదలు

ఇక మనము చేయవలసిన దానికి వద్దాము. స్వాగతము ఆహ్వాన పత్రికతోనే ఆరంభమవుతుంది. "ప్రతినిధులు ఉదయము 9 గంటలకు హాజరు కావలెను" అని మాత్రము వ్రాస్తే చాలదు. భద్రాచలము వైపు నుండి రాత్రి బస్సు ఎక్కినవారు విజయవాడ బస్ స్టేషనులో తెల్లవారక ముందే దిగవచ్చు. తొమ్మిది గంటల వరకు వారు ఎక్కడ ఉండాలి? ఎక్కడ ముఖము కడుక్కోవాలి? ఆ దిగినది ఒంటరిగా వచ్చిన స్త్రీ అయితే?

కాబట్టి ఏ స్టాపులో దిగాలి, అక్కడి నుండి ఏ బస్సు వస్తుంది, ఆటోకు సుమారు ఎంత తీసుకొంటారు, రాత్రివేళ వచ్చినవారికి ఎవరు తలుపు తీస్తారు, దుప్పటి తెచ్చుకోవాలా, స్త్రీలకు బస ఎక్కడ, చంటిబిడ్డతో రావచ్చునా, నమోదు రుసుము ఎంత, దారి ఖర్చులు ఇస్తారా లేదా, ఇవన్నీ తేట తెలుగులో వ్రాయాలి. డబ్బు సంగతి ముందుగా చెప్పడము మర్యాద. తక్కువ జీతముతో బ్రతికే సువార్తికుడు బల్ల దగ్గర అందరి ముందు జేబు తడుముకొనే పరిస్థితి రానివ్వకూడదు.

ఈ రోజులలో వాట్సాప్‌లో దారి పంపితే సరిపోతుందని అనుకొంటాము. కాని మన పెద్దలలో అనేకుల దగ్గర ఇంకా బటన్ ఫోనే ఉన్నది. ఒక ఫోను నంబరు ఇచ్చి, ఆ ఫోను రాత్రి కూడ ఎత్తే మనిషిని నియమించండి. బస్టాండులోను, రైల్వే స్టేషనులోను సదస్సు పేరు పెద్ద అక్షరములతో వ్రాసిన అట్ట పట్టుకొని ఇద్దరు యౌవనస్థులు నిలబడితే, అదే మన అప్పీయా సంతపేట.

గేటు దగ్గర, బల్ల దగ్గర

వచ్చినవారికి మొదట కావలసినవి నాలుగు: మంచినీళ్ళు, బాత్రూము, సంచి పెట్టుకొనే చోటు, కూర్చోవడానికి కుర్చీ. పేరు వ్రాసుకోవడము వీటి తరువాత. మన దగ్గర తరచుగా ఇది తారుమారు అవుతుంది. ప్రయాణ బడలికతో వచ్చిన మనిషిని వరుసలో నిలబెట్టి ముందు సంతకము అడుగుతాము. స్త్రీలకు బాత్రూము ఎక్కడున్నదో తెలుగులో బోర్డు వ్రాసి పెట్టండి, వారు పురుష వాలంటీర్లను అడిగే ఇబ్బంది ఉండదు.

బల్ల దగ్గర కూర్చోబెట్టే యువకులకు ముందు రోజు సాయంత్రము ఒక గంట శిక్షణ ఇవ్వాలి. "మీరెవరు? లెటరు ఉందా?" అని మొదలుపెట్టకూడదు. "వందనాలండి అయ్యగారూ, రండి. ప్రయాణము బాగా జరిగిందా? ముందు మంచినీళ్ళు తాగండి" అనాలి. పేరు జాబితాలో లేకపోతే ఆ సంగతి అతిథి కష్టము కాకూడదు. ఆయనను కూర్చోబెట్టి టీ ఇచ్చి, విచారణ మనము చేసుకోవాలి. అందుకు బల్ల దగ్గర నిర్ణయము తీసుకోగల పెద్ద ఒకరు తప్పక ఉండాలి.

ఛాతీకి పెట్టుకొనే పేరు కార్డులో పేరు తెలుగులో, దూరము నుండి చదవగలిగేంత పెద్దగా ఉండాలి. పేరు కింద ఊరు వ్రాస్తే, "అయ్యో, మా మేనత్తగారిది మీ పక్క ఊరేనండి" అని మాట కలుస్తుంది. స్త్రీల విషయములో ఇంకొక జాగ్రత్త అవసరము. "పాస్టరమ్మగారు" అనో, "ఫలానావారి భార్య" అనో వ్రాసి సరిపెట్టకండి. ఆమెకు ఒక పేరున్నది, ఆమె చేసే సేవ ఉన్నది. పౌలు రోమీయులకు వ్రాసిన పత్రిక చివరి అధ్యాయములో కెంక్రేయ సంఘ పరిచారకురాలైన ఫీబేను ఆమె పేరుతోనే పరిచయము చేసి, ఆమెకు కావలసిన సహాయము చేయుమని కోరాడు. ఆ అధ్యాయములోనే ఇరవైమందికి పైగా పేరుపేరున వందనములు చెప్పాడు. అప్పటికి ఆయన రోమాను చూడనేలేదు. పేరు జ్ఞాపకముంచుకోవడము ప్రేమలో ఒక భాగము.

వినికిడి తగ్గినవారిని ముందు వరుసలో కూర్చోబెట్టండి. మెట్లు ఎక్కలేనివారికి కింది అంతస్తులో గది ఇవ్వండి. చక్కెర వ్యాధి ఉన్నవారికి ప్రారంభోత్సవము ఆలస్యమైనా వేళకు ఏదైనా తినడానికి దొరికేటట్లు చూడండి. ప్రముఖులకు శాలువాలు కప్పుతూ గంటసేపు గడుపుతుంటే, వెనుక వరుసలో ఖాళీ కడుపుతో కూర్చున్నవారు ఆ గంటను మరచిపోరు.

మొదటి భోజనము

కొత్తవారికి అన్నిటికంటె కష్టమైన సమయము ప్రసంగముల వేళ కాదు, మొదటి రోజు మధ్యాహ్న భోజన సమయము. పరిచయస్థులు గుంపులు గుంపులుగా వెళ్ళి కూర్చుంటారు. ఒంటరిగా వచ్చినవారు పళ్ళెము పట్టుకొని ఎవరి పక్కన కూర్చోవాలో తెలియక నిలబడతారు. దీనికి ఖర్చులేని ఉపాయము ఒకటున్నది. మొదటిసారి వచ్చిన ప్రతివారికి, ఇంతకు ముందు వచ్చి అలవాటున్న ఒకరిని జతచేయండి. వేరే జిల్లావారైతే మరీ మంచిది. మొదటి రెండు పూటలు ఇద్దరూ కలిసి భోంచేస్తే చాలు, మూడవ పూటకు మన అవసరము ఉండదు.

ఇంకొక సంగతి కొంచెము గట్టిగానే చెప్పవలసి ఉన్నది. కొన్నిచోట్ల వి.ఐ.పి.లకు వేరే గది, వేరే వంట, మిగిలినవారికి ఎండలో వరుస. బంగారు ఉంగరము పెట్టుకొన్నవానికి మంచి స్థలము చూపి, పేదవానిని అక్కడ నిలువుమనే సంఘమును యాకోబు తన పత్రిక రెండవ అధ్యాయములో ఎంత తీవ్రముగా ప్రశ్నించాడో మరల చదువుకొందాము. వృద్ధులకు, రోగులకు ప్రత్యేక ఏర్పాటు న్యాయమే. హోదాను బట్టి కూర మారడము మాత్రము న్యాయము కాదు. బిషప్పుగారో, పెద్ద డాక్టరుగారో బంతిలో ఒక గ్రామ సువార్తికుని పక్కన కూర్చొని భోజనము చేస్తే, అది ఒక ప్రసంగముకంటె ఎక్కువ పని చేస్తుంది.

గ్రామ కుటుంబములకు

"ఇవన్నీ పట్టణపు సంఘముల సంగతులు, మాకెందుకు?" అని మీరు అనుకొనవచ్చును. మీ గ్రామములో పది మంది ఉపాధ్యాయులు కూడుకొన్నా ఇది వర్తిస్తుంది. పైగా పాత రోజులలో అతిథులను విశ్వాసుల ఇండ్లకు పంచేవారు. తలా ఒక ఇంట ఇద్దరు. ఇప్పుడు లాడ్జీలు వచ్చి ఆ అలవాటు సన్నగిల్లినది. వీలైన చోట ఒక పూటైనా దానిని నిలుపుకొందాము. పప్పు, పచ్చడి, మజ్జిగ ఉంటే చాలు. అతిథిని పేరు పెట్టి పిలిచి మంచినీళ్ళు అందించిన పిల్లవాడు ఆతిథ్యమును ఏ పాఠములోను నేర్చుకోనంత బాగా నేర్చుకొంటాడు. వంటశాలలో రాత్రింబగళ్ళు శ్రమించే సహోదరీలను కూడ ఆ కూడికలో చేర్చుకోండి. వారు వడ్డించి చివరకు చల్లారిన అన్నము తింటే, మన ఆతిథ్యము సగమే.

అతిథులుగా వెళ్ళేవారికి కూడ ఒక మాట. వస్తామో రామో ముందుగా తెలియజేయండి. చెప్పకుండా నలుగురిని వెంట తీసుకొని వెళ్ళకండి. అలవాటున్న స్నేహితుల మధ్యనే కూర్చొనక, ఒంటరిగా ఉన్నవారిని వెదకి పలకరించండి. ఒకసారి లోపలికి వచ్చి కూర్చున్న తరువాత, మన తరువాత వచ్చేవారికి మనమే ఆతిథ్యమిచ్చేవారము.

ఈ సంవత్సరము మీ సంఘములో సదస్సు జరగనైయుంటే, తదుపరి కమిటీ కూడికలో ఒక్క ప్రశ్న అడగండి: గేటు దగ్గర ఎవరుంటారు? ఆ స్థలమునకు మీలో అందరికంటె ఓర్పు, నవ్వుముఖము గలవారిని ఎన్నుకోండి. వేదికకు వక్తలు ఎలాగైనా దొరుకుతారు. గేటు దగ్గర నిలబడగలవారు దొరకడమే కష్టము. ఆ పనికి ముందుకు వచ్చే ప్రతి సహోదరుని, సహోదరిని ప్రభువు దీవించును గాక.